లేఖాచర్చ, పత్రికాచర్చ: వ్యావహారికవాదమున రెండు మార్గములు

సాహిత్యవివాదములను పరిశీలించునపుడు ఎవరేమనిరో మనము విచారింతుము. ఆ మాట ఏ మార్గమున ఎవరిని చేరెనో అంతగా విచారింపము. వాదస్వరూపమును నిర్ణయించుటలో ఆ మార్గమునకును భాగము కలదని మా అభిప్రాయము.

చర్చకు ప్రధానముగా రెండు మార్గములు. మొదటిది లేఖ, అది ఉద్దేశింపబడినవాని యింటికి తానే వచ్చును. రెండవది పత్రిక, అది ఊరిచావడి వంటిది, అచటికి పాఠకుడే పోవలెను. ఈ రెంటికిని వైరము లేదు. 1665లో లండనున హెన్రీ ఓల్డెన్‌బర్గు ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్సు’ను స్థాపించినపుడు, విద్వాంసుల లేఖలే ఆ పత్రికకు ముఖ్యాధారములయ్యెను.

ఇక మన వ్యావహారికవాదమును చూతము. 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారి విజ్ఞాపనము, గ్రాంథికపక్షమున జయంతి రామయ్య పంతులుగారి సమర్థనము, 1914లో గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతిపత్రము, ఈ మూడును ఇంగ్లీషున వ్రాయబడినవే. ముద్రితములైనను ఇవి స్వభావమున లేఖలు; ఎవరు చదువుదురో వ్రాసినవారికి ముందే తెలియును. అందుచేతనే గురజాడవారికి ప్రమాణములను ఓపికతో కూర్చుటకు అవకాశము కలిగినది. కాని తెలుగు ఎట్లుండవలెనను వ్యాజ్యమున తెలుగుమాత్రమే ఎఱిగినవాడు సాక్షియైనను కాలేకపోయెను. ఇది చిన్న లోపము కాదు.

గిడుగువారు 1919లో ‘తెలుగు’ పత్రికను ఆరంభించుటను మేము ఈ లోపమునకు సమాధానముగా భావించుచున్నాము. వాదము అధికారుల బల్లమీదినుండి చావడికి వచ్చినది; ప్రశ్న ఏ భాషను గూర్చినదో ఆ భాషలోనే నడచినది.

పత్రికాచర్చలో ప్రతివాదికంటె ప్రేక్షకులనే ఉద్దేశించి మాటలాడుట, ఆవేశము పెరుగుట సహజమని కొందఱు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము నిజమే. అయినను పత్రికలో దొరలిన తప్పు అందఱి కన్నులయెదుట నిలిచియుండును. తరువాత వచ్చినవాడు దానిని దిద్దగలడు. లేఖలోని తప్పు పెట్టెలో దాగును. ఆ పెట్టెతో కూడ ఒప్పును నశింపవచ్చును.

కావున పరిశోధకులు పత్రికలతో తృప్తిపడక లేఖలను, విజ్ఞాపనములను వెదకి వానితో సరిపోల్చవలెను. అట్లే మనము చేయు చర్చలను కొద్దిమంది మిత్రుల మధ్యనే ముగింపక, రేపటి విద్యార్థి కంటబడు తావున ఉంచవలెను. ఆలోచన లేఖలో పక్వమగుగాక. తీర్పు మాత్రము చావడిలోనే జరుగవలెను.