లేజర్ కొట్టించుకున్నాక కూడా రావాలి

"లేజర్ కొడితే పోయిన చూపు వస్తుందా డాక్టరుగారూ?" నీటికాసులు ఉన్నాయని చెప్పగానే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. రాదు. నీటికాసుల్లో, అంటే గ్లాకోమాలో, దెబ్బతినేది కంటి నరం. అది పోయాక చుక్కల మందూ, లేజరూ, ఆపరేషనూ ఏదీ వెనక్కి తేలేదు. మిగిలిన చూపును నిలబెట్టడమే మా పని. అందుకు మా చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే, కంట్లో ప్రెషర్ తగ్గించడం.

కంట్లో ఊరే నీరు నల్లగుడ్డు అంచున ఉన్న కోణంలోంచి, జల్లెడలాంటి సన్నని కణజాలం గుండా బయటికి పోతుంది. మత్తు చుక్కలు వేసి, అద్దాలున్న చిన్న లెన్సు కంటికి ఆనించి ఆ కోణాన్ని చూస్తాం. అది తెరుచుకుని ఉందా, మూసుకుపోతోందా అన్నదాన్ని బట్టే ఏ లేజర్ కావాలో తేలుతుంది. ఈ పరీక్ష చెయ్యకుండా ఎవరైనా లేజర్ మాట ఎత్తితే, కోణం చూశారా అని అడగండి.

కోణం మూసుకుపోతుంటే కనుపాప చుట్టూ ఉండే గోధుమరంగు పొరలో లేజర్‌తో సన్నని రంధ్రం చేస్తాం. రంధ్రం పడగానే వెనక ఆగిన నీరు రంగు పొడితో కలిసి ముందుకు ఉబుకుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణం కోసం నా కన్ను కాచుకునే ఉంటుంది. అలాగని కోణం సన్నగా ఉన్న ప్రతి కంటికీ ఇది అక్కర్లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 889 మందికి ఒక్కో కంటికి మాత్రమే ఈ లేజర్ చేసి ఆరేళ్లు గమనించారు. చేసిన కళ్లలో జబ్బు ముదరడం సుమారు సగానికి తగ్గింది. కానీ చెయ్యని కళ్లలో కూడా ఏడాదికి వెయ్యింటికి ఎనిమిదే ముదిరాయి.

కోణం తెరుచుకునే ఉండి ప్రెషర్ పెరిగితే, నీరు బయటికి పోయే ఆ కణజాలం మీద చేసేది ఎస్‌ఎల్‌టీ అనే మరో లేజర్. కోత లేదు, కుట్టు లేదు. గడ్డం ఆనించి కూర్చుంటే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కో దెబ్బకు కణజాలం మీద చిన్న బుడగ లేచి మాయమవుతుంది. దాన్ని చూసే శక్తి సరిపోయిందో లేదో తెలుసుకుంటాం. బ్రిటన్‌లో 718 మంది కొత్త రోగుల మీద జరిగిన ‘లైట్’ అనే అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. ముందే లేజర్ చేయించుకున్నవాళ్లలో 74 శాతం మందికి మూడేళ్ల తర్వాత కూడా చుక్కల మందు అవసరం పడలేదు. చుక్కలతో మొదలుపెట్టినవాళ్లలో 11 మందికి ప్రెషర్ తగ్గించే ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది, లేజర్‌వాళ్లలో ఒక్కరికీ రాలేదు. 2022లో అక్కడి మార్గదర్శకాలు ఈ లేజర్‌నే మొదటి చికిత్సగా సూచించాయి.

ఇబ్బందులు ఉండవా? ఉంటాయి. ఒకటి రెండు రోజులు కన్ను ఎర్రబడొచ్చు, కాస్త సలపొచ్చు. కొందరికి కొన్ని గంటలపాటు ప్రెషర్ పెరుగుతుంది, అందుకే వెంటనే ఇంటికి పంపకుండా మళ్లీ కొలుస్తాం. అందరికీ పని చెయ్యదు. పని చేసినా కొన్నేళ్లకు ప్రభావం తగ్గుతుంది, అప్పుడు మళ్లీ చెయ్యొచ్చు. జబ్బు బాగా ముదిరిన కంటికి ఇదొక్కటే చాలదు.

నా భయం లేజర్ గురించి కాదు, దాని తర్వాత కలిగే నిశ్చింత గురించి. రోజూ చుక్కలు వేసుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. నొప్పి లేని జబ్బుకు మందు మరిచిపోవడం మనిషి స్వభావం. నా దగ్గరికి వచ్చే ఒక లారీ డ్రైవరుకు రోడ్డు మీద వేళకు చుక్కలు కుదరక లేజర్ చేశాం. ప్రెషర్ చక్కగా దిగింది. ఇక బాగైపోయిందనుకుని ఏళ్ల తరబడి కనబడలేదు. పక్కనుంచి దాటే బండి కనిపించడం లేదంటూ వచ్చేసరికి, ఆ వైపు చూపు చాలా పోయింది.

లేజర్ మీకు రోజువారీ చుక్కల బెడద తప్పించగలదు, చెకప్ తప్పించలేదు. డాక్టరు చెప్పిన గడువుకు వెళ్లి ప్రెషర్, కంటి నరం, పక్కచూపు మూడూ చూపించుకోండి. ఇంకొక్క మాట. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. మీకు నీటికాసులుంటే, నలభై దాటిన మీ అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ కూడా ఈ నెలలోనే కంటి పరీక్షకు పంపండి.