సోమరికుట్టు

అమెరికా మ్యూజియాల్లోనూ వేలంపాటల్లోనూ సూ ఇండియన్ల పసిపిల్లల తోలుబట్టలు కనిపిస్తాయి. తమను తాము లకోటాలని చెప్పుకునే వారివి వీటిలో చాలా ఉన్నాయి. కత్తిరింపు పెద్దల దుస్తులదే, కొలత మాత్రం చిన్నది. కొన్నిటిమీద తోలు కనబడనంత ఒత్తుగా గాజుపూసలు. కుట్టినవారి పేరు చాలావాటికి ఉండదు.

ఏడెనిమిది పూసలు నరానికి గుచ్చి, ఆ వరుసను రెండు కొసల్లో మాత్రమే తోలుకు బిగిస్తారు. దాని పక్కన మరొక వరుస. ఇలా ఒక చిన్న చొక్కాకు వేలకొద్దీ పూసలు పడతాయి. ఈ పనికి ఇంగ్లీషులో పెట్టిన పేరు ‘సోమరికుట్టు’! ఈమధ్య కొందరు పండితులు పేరు మార్చారు లెండి.

ఇది చరిత్ర సోకని జానపద కళ అని మురిసిపోయేవారున్నారు. ఆ పూసలు వెనిస్, బొహీమియా కార్ఖానాల సరుకు. వర్తకుల ద్వారా వచ్చాయి. అంతకుముందు రంగులద్దిన ముళ్ళపంది ముళ్ళతో కుట్టేవారు. బట్టంతా పూసలతో నింపడం ప్రబలింది ఎప్పుడు? అడవిదున్నల మందలు నాశనమై, ప్రభుత్వం హద్దులు గీసిన రిజర్వేషన్లలో రేషను తిని బతకవలసి వచ్చిన 1880ల నుంచి. తీరిక దొరికింది గనుక కుట్టారని ఒక వాదన. తీరిక చేతులకు పని కల్పించవచ్చుగాని, ఆ పనిని బిడ్డల బట్టలమీదికి మళ్ళించింది తీరిక కాదు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి తెరిచారు. లకోటా పిల్లల్ని అక్కడికి తరలించి, జుట్టు కత్తిరించి, ఒంటిమీది బట్టలు విప్పించి యూనిఫారాలు తొడిగారు. బడి ఏది ఒలిచిందో తల్లులు దాన్నే మరింత ఒత్తుగా కుట్టారని నేను భావిస్తాను.

కొన్నిటిమీద అమెరికా జెండాలున్నాయి. మనవాళ్ళు కొందరు దీన్ని లొంగుబాటు అనవచ్చు. 1883లో సూర్యనృత్యాన్ని నేరం చేసిన ప్రభుత్వం జూలై 4న మాత్రం గుమికూడనిచ్చేది. ఆ పండుగ చాటున వారు తమ ఆటపాటలు సాగించుకున్నారు. అమ్మకానికి కుట్టినవీ ఉన్నాయి, ప్రతి పూసా ప్రతిఘటన అనే ఆవేశం నాకు లేదు. కాని 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం జరిపిన హత్యాకాండ తర్వాత నాలుగోనాడు, చనిపోయిన తల్లి ఒడ్డున మంచులో ఒక ఆడశిశువు ప్రాణాలతో దొరికింది. ఆమె తలమీద పూసల జెండాలు కుట్టిన తోలుటోపీ ఉంది. ఆ జెండా ఆమె తల్లిని కాపాడలేదు. ఆ పాపను ఒక సేనాని పెంపకానికి పట్టుకుపోయాడు.

అక్కడి శవాలమీది బట్టలు జ్ఞాపికలుగా అమ్ముడుపోయాయి. మసాచుసెట్స్‌లోని బారీ పట్టణపు చిన్న మ్యూజియం, అలా వచ్చాయని చెప్పే వాటితో సహా సుమారు నూటయాభై వస్తువులను 2022 నవంబరులో సూ ప్రజలకు తిరిగి ఇచ్చింది.