సీసం మీద తెరచాపలు

పాత నాణేల ప్రదర్శన ఎక్కడ పెట్టినా జనం గుమిగూడేది బంగారం దగ్గరే. గుప్తుల దీనారాలకూ విజయనగర వరహాలకూ ఉన్న గిరాకీ శాతవాహనుల సీసపు బిళ్లలకు లేదు. చూడటానికి అవి మసిబారినట్టు ఉంటాయి మరి. నన్నడిగితే పనివాడి చెయ్యి కనిపించేది వాటిలోనే.

శాతవాహనులు సీసం, రాగి, పోటిన్ ఎక్కువగా వాడారు. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిపిన లోహం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి అక్కర్లేదు. కరిగించి మట్టి మూసల్లో పోయవచ్చు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో అలాంటి మూసలు బయటపడ్డాయి. రెండో పద్ధతి అచ్చు కొట్టడం. కింది అచ్చు మీద బిళ్ల పెట్టి, పైన మరో అచ్చు ఆనించి సుత్తితో ఒక్క పోటు వేస్తారు. అచ్చు చెక్కేవాడు బ్రాహ్మీ అక్షరాలన్నీ కుడి ఎడమలు తారుమారు చేసి చెక్కాలి. దెబ్బ కాస్త పక్కకు జరిగితే రాజుగారి పేరు సగం అంచు దాటిపోతుంది. అందుకే ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు నాణేలు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు.

కోరమాండల్ తీరంలో దొరికిన ఓడ నాణేలు చూడండి. వేలి గోరంత చోటులో రెండు తెరచాప కొయ్యలు, వాటికి కట్టిన తాళ్లు, వంపు తిరిగిన ఓడ! వెనకవైపు నాలుగు వృత్తాలను అడ్డగీతలతో కలిపిన ఉజ్జయిని గుర్తు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతోనూ ఇవి ఉన్నాయి. సముద్ర వ్యాపారం మీద ఎన్ని పేజీలు రాసినా అంత గట్టిగా చెప్పలేం.

నాణెం రాజకీయం కూడా మాట్లాడుతుంది. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివే. వాటిలో 9 వేలకు పైగా నాణేలను శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి కరిగించలేదు, ఓడిన రాజు ముఖం మీదే తన కొండ గుర్తు కొట్టించాడు. ఆ గుర్తు కింద నహపానుడి ముక్కూ చెంపా ఇప్పటికీ అక్కడక్కడ తొంగిచూస్తుంటాయి. విజయశాసనం ఎంత పెద్ద బండ మీద చెక్కినా ఉన్నచోటే ఉంటుంది, ఇది మాత్రం సంతకు కూడా వెళ్లింది.

జగిత్యాల జిల్లా కోటిలింగాల నాణేల సంగతి వేరు. గోదావరి ఒడ్డున తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలతోపాటు గోబద, సమగోప వంటి రాజుల పేర్లూ వెలుగు చూశాయి. పురాణాల రాజవంశాల జాబితాల్లో లేని పేర్లివి. నాణేలే లేకపోతే వాళ్లు పాలించారని మనకు తెలిసేది కాదు.

ఇంత విలువైనవాటిని చింతపండుతో తోమి మెరిపించే వాళ్లున్నారు. మట్టితోపాటు అక్షరమూ పోతుంది. సీసానికి చెక్క పెట్టె కూడా పడదు. కొన్ని కలపల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి దాని మీద తెల్లటి పొడి పేరుకుని, అది బిళ్లను లోపలికంటా తినేస్తుంది.