చెలకకు మార్కు

మొన్న ఆదివారం బంధువుల ఇంట్లో పిల్లలు మాటల ఆట ఆడుతున్నారు. 'లక'తో ముగిసే మూడక్షరాల మాటలు చెప్పాలి. చిలక, పలక, అలక, ఎలక చకచకా వచ్చాయి. మొలక, గిలక కాస్త ఆలోచించాక వచ్చాయి. నల్లగొండ వైపు పిల్ల ఒకతి "చెలక" అంది. తీర్పరిగా కూర్చున్న పెద్దాయన "అలాంటి మాట లేదమ్మా" అని మార్కు కొట్టేశారు. ఆ పిల్ల కిమ్మనలేదు. నాకు మాత్రం వారమంతా అదే గుచ్చుకుంటోంది.

లేకపోవడమేమిటి? తెలంగాణ రైతును అడగండి. నీళ్లు పారేది పొలం, వానను నమ్ముకున్న ఎర్రనేల చెలక. జొన్న, కంది, ఆముదం పండేది అక్కడే. నేలల గురించి రాసిన పుస్తకాల్లోనూ 'చల్కా నేలలు' అనే ఉంటుంది. మాండలికాలకు జరిగే అన్యాయం నా పాత పేచీ అని ఈ కాలమ్ చదివేవారికి తెలుసు. పాత నిఘంటువులు ముందు నిలబెట్టే రూపాలు చిలుక, అలుక, ఎలుక. మరి ఎలకకు మార్కిచ్చి చెలకకు ఎందుకివ్వరు? ఒకరి వాడుక భాష, ఇంకొకరిది తప్పా?

ఈ 'లక' జట్టులో ఒక అందముంది. మన పద్యానికి ప్రాస రెండో అక్షరం మీద. ఈ మూడక్షరాల మాటల్లో రెండో అక్షరం 'ల', మొదటిది లఘువు. చివరలు కలిశాయంటే ప్రాస కూడా కుదిరినట్టే. అవధానంలో దత్తపది అడిగేవారికి సిద్ధంగా ఉన్న సరుకు.

ఈ జట్టులో నాకు ప్రాణం నులక. గోగుకట్టెలు చెరువులో నాననిచ్చి, నార ఒలిచి ఆరబెట్టేవారు. సాయంత్రాలు తాతయ్య అరుగు మీద కూర్చుని, తొడ మీద అరచేత్తో ఆ నారను పురి తిప్పుతూ పేనేవాడు. ఉండ పెద్దదయ్యాక మంచం అల్లకం. పట్టెల మీదుగా ఆయన తాడు లాగుతుంటే, మంచం కింద దూరి ఉండ అందించడం నా పని. "బిగువుగా పట్టరా" అనేవాడు. కొత్త నులక మీద పడుకుని లేస్తే వీపంతా అల్లిక అచ్చు. నవారు మంచాలు వచ్చాక ఆ పనీ పోయింది, మాటా పలచబడింది. పిలక కూడా అంతే. నాటు వేసిన వరి మొదట్లోంచి వచ్చే పిలకలు చూసిన రైతుకు అది దిగుబడి లెక్క. పట్నం పిల్లలకు జుట్టు మాత్రమే.

మన నిఘంటువులు ఎక్కువగా మొదటి అక్షరం వరసలో నడుస్తాయి కనుక, చివరి అక్షరాల వరసలో ఊరి మాటలన్నీ పేర్చి పిల్లల చేతికివ్వాలని రాద్దామనే ఈ వారం కూర్చున్నాను. రాస్తుండగా భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం గుర్తొచ్చింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. అందులో మాటకు తోడుగా అది ఏ ప్రాంతానిదో, ఏ పనిలోదో ఉంటుంది. ఆ రెండూ తీసేసి చివరలు మాత్రమే పేర్చిన జాబితా ఇస్తే పిల్లలు బట్టీ పడతారు, గెలుస్తారు, మర్నాటికి మరిచిపోతారు. వద్దు, నాకు ఆ జాబితా వద్దు.

నేను తీర్పరినైతే ఆ పెద్దాయన కంటే కఠినంగా ఉంటాను. నిఘంటువులో ఉన్నా సరే, ఆ మాట ఎవరు ఎక్కడ అంటారో చెప్పలేకపోతే మార్కు లేదు. "మా తాత చెలకల కంది ఏసిండు" అనగలిగిన పిల్లకు రెండు మార్కులు.

మీ ఊళ్లో 'లక'తో ముగిసే మాటలుంటే రాసి పంపండి. ఎవరి నోట విన్నారో, ఏ పనిలో వాడతారో ఒక్క వాక్యం తప్పకుండా చేర్చండి. ఒట్టి జాబితాలు మాత్రం పంపకండి.