క్యాథెటర్ మీద అభియోగం

పెద్ద గ్రంథం చేయలేని పనిని ఒక్కొక్కప్పుడు చిన్న వ్యాసం చేస్తుంది. 1958లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో పాల్ బీసన్ వ్రాసిన మూడు పుటల సంపాదకీయం అటువంటిది. అప్పుడాయన యేల్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర ఆచార్యుడు. ఆ సంపాదకీయం శీర్షికను తెలుగులో ‘క్యాథెటర్ మీద అభియోగం’ అనవచ్చు. ఆ అభియోగం ఎంతవరకు నిలిచినదో, నేడు మనకు దానితో పని ఏమిటో పరిశీలిద్దాం.

మూత్రం తనంతట వెలువడని రోగికి, మూత్రమార్గం గుండా మూత్రాశయంలోకి పంపే మెత్తని గొట్టమే క్యాథెటర్. మా నాగారంలోనే కాదు, నాచారం, ఉప్పల్‌లలో ఎవరిని అడిగినా దీనిని ‘యూరిన్ పైపు’ అంటారు. లోపలి కొసన ఉన్న చిన్న బుడగలో నీరు నింపితే అది జారిపోకుండా నిలుస్తుంది. ఆరోగ్యవంతునిలో మూత్రధార సూక్ష్మజీవులను ఎప్పటికప్పుడు కడిగివేస్తుంది. గొట్టం ఉన్నప్పుడు ఆ రక్షణ తగ్గుతుంది. బుడగకు దిగువన కొంత మూత్రం నిలిచిపోతుంది. సూక్ష్మజీవులకు రెండు దారులు ఏర్పడతాయి. ఒకటి గొట్టం వెలుపలి గోడ. రెండవది సంచి నుండి పైకి వచ్చే లోపలి గోడ. అవి గొట్టానికి అంటుకొని జిగురువంటి పొరను అల్లుకొంటాయి. తొట్టి గోడకు పట్టిన పాచి నీళ్లు మార్చినంత మాత్రాన పోదు కదా! అట్లే ఈ పొరలోని జీవులు మందుకు సులభంగా లొంగవు.

బీసన్ వాదం సూటిగా ఉన్నది. ఈ సాధనం వల్ల తీవ్రమైన, తరచుగా నయం చేయడం కష్టమైన వ్యాధి రావచ్చునని తెలిసి మరీ వైద్యుడు దీనిని వాడ నిర్ణయించాలి. ఇందులోని ధైర్యం ఆ కాలాన్ని తలచుకొంటే గాని తెలియదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన విభాగం నుండి ఆరియోమైసిన్ వెలువడినది 1948లో. అప్పటికి ఇంకా పదేళ్లే గడిచినవి. రోగం వస్తే మందున్నదిలే అనే ధీమా ప్రబలిన రోజులలో, అసలు గొట్టం అవసరమా అని అడిగినవాడు బీసన్.

అయినా వ్యాసంలో లోపాలు లేకపోలేదు. మొదటిది శీర్షికలోనే ఉన్నది. మూత్రం బిగిసిన రోగికి క్యాథెటర్ ప్రాణరక్షకం. నేరం గొట్టానిది కాదు, అనవసరంగా వాడడానిది. శీర్షిక మాత్రమే చదివినవాడు ఈ భేదాన్ని మరచిపోతాడు.

రెండవది మరింత ముఖ్యమైనది. వ్యాసపు గురి గొట్టం వేసే క్షణం మీద ఉన్నది. ప్రమాదమో దినదినమూ పెరిగేది. గొట్టం ఉన్న ప్రతిరోజూ నూటికి 3 నుండి 10 మంది రోగుల మూత్రంలో బాక్టీరియా కొత్తగా చేరుతుందని అంచనా. 5 శాతం అనుకొని విద్యార్థులు లెక్క కట్టవచ్చు. 0.95ను పదిసార్లు గుణిస్తే సుమారు 0.60 వస్తుంది. అనగా పది రోజులకు నూటికి 40 మంది మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. రెండు రోజులకే తీసివేస్తే ఆ సంఖ్య 10కి మించదు. బాక్టీరియా కనబడిన ప్రతివానికీ జబ్బు ఉన్నట్లు కాదు. లక్షణాలు లేనివారికి సాధారణంగా మందు అక్కరలేదు. కాబట్టి ‘గొట్టం వేయాలా?’ అనే ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఈ రోజు కూడా ఉంచాలా?’ అని ప్రతి ఉదయం అడగాలి.

గొట్టం తప్పనిసరి అయినప్పుడు చేయవలసినదేమి? దీనికి 1966లో క్యూనిన్, మెక్‌కార్మాక్ సమాధానమిచ్చారు. మూత్రాన్ని తెరచిన సీసాలోకి కాక, గొట్టంతో అతికిన మూసిన సంచిలోకి పంపితే బాక్టీరియా రాక బాగా ఆలస్యమవుతుందని వారు చూపించారు. నేడు పడక ప్రక్కన వ్రేలాడే సంచికి మూలం ఇదే.

2016లో అమెరికాలోని 603 ఆసుపత్రుల అనుభవం ప్రకటితమైనది. సాధారణ వార్డులలో 1,000 గొట్టపు దినాలకు 2.28గా ఉన్న అంటువ్యాధులు 1.54కు తగ్గినవి. తీవ్రచికిత్సా విభాగాలలో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదు. ఇటువంటి అంకెలను చదవడంలో ఒక మెలకువ కావాలి. ఒక వార్డులో 1,000 గొట్టపు దినాలకు నలుగురికి జబ్బు వచ్చినదనుకొందాం. అనవసరపు గొట్టాలు తీసివేయగా 500 దినాలు, ముగ్గురు రోగులు మిగిలారు. రేటు 4 నుండి 6కు పెరిగినది. జబ్బుపడినవారు మాత్రం ఒకరు తగ్గారు! హారాన్ని చూడక రేటును మాత్రమే చూస్తే మంచి పని చెడుగా కనిపిస్తుంది.

బీసన్ వైద్యులకు వ్రాశాడు. మన ఆసుపత్రులలో సంచిని ఎత్తేది, దించేది చాలాసార్లు రోగి వెంట ఉన్న కొడుకో కోడలో. 2020 జనవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ అంటువ్యాధుల నివారణకు జాతీయ మార్గదర్శకాలను వెలువరించినది. వాటి సారం ఆ కోడలికి తెలుగులో అందాలి. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటె దిగువన ఉండాలి, నేలను తాకరాదు. గొట్టాన్ని సంచి నుండి ఊడదీయరాదు. ముట్టుకొనే ముందు, తరువాత చేతులు కడుగుకోవాలి. లోపల బుడగ ఉన్నది గనుక గొట్టాన్ని తామే లాగరాదు. వైద్యుని అడిగి తీయించాలి.

పదవ తరగతిలో విసర్జన పాఠం చెప్పే ఉపాధ్యాయులు మూత్రపిండం బొమ్మతో ఆగక ఈ నాలుగు మాటలు కూడా చెప్పగలరు. ఆ తరగతిలో కూర్చున్న పిల్లవాడు రేపు తాతగారి పడక ప్రక్కన నిలబడి, ‘డాక్టరుగారూ, ఈ పైపు ఇంకా కావాలాండీ?’ అని అడిగితే బీసన్ వ్యాసం తన పని తాను చేసినట్లే.