సంకోచానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

ఇబ్రహీంపట్నంలో సాహిత్య విద్యార్థులతో మాట్లాడుతుండగా ఒకరు అడిగారు: "ప్రేమించి కూడా చెప్పలేకపోవడం మనిషి స్వభావం కదా, దాన్ని కూడా వర్గదృష్టితో చూడాలా?" ప్రశ్న న్యాయమైనదే. దాటవేయడానికి వీల్లేదు.

చేజారిన ప్రేమ అనగానే మనకు గుర్తొచ్చేది దేవదాసు. శరత్ నవల 1917లో వచ్చింది. 1953లో వేదాంతం రాఘవయ్య సినిమాతో, అక్కినేని రూపంలో, దేవదాసు తెలుగువాళ్ళ ఇంటి మనిషయ్యాడు. అతని పతనాన్ని విధి అన్నాం, త్యాగమన్నాం. కాని కథలో జరిగిందేమిటి? పరువుకు వెరవకుండా అర్ధరాత్రి గడప దాటి వచ్చింది పార్వతి. తండ్రికీ వంశగౌరవానికీ జంకినవాడు జమీందారు కొడుకు. కలకత్తా వెళ్ళి, ప్రేమ లేదని ఉత్తరం రాశాడు. మనసు మార్చుకుని తిరిగొచ్చినప్పుడు ఆమె ఆత్మాభిమానంతో మాట్లాడితే నుదుటిమీద గాయం చేశాడు. అతని పశ్చాత్తాపంలో కూడా యజమాని లక్షణం పోలేదు.

ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1858లో తుర్గేనెవ్ 'ఆస్య' రాశాడు. ఆస్య ఒక ప్రభువుకూ అర్ధబానిస స్త్రీకీ పుట్టిన పిల్ల. ఆమె ధైర్యం చేసి రమ్మంటే, వచ్చిన కులీన యువకుడు ఆమెనే మందలించాడు. మర్నాటికి ఆమె ఊరు విడిచిపోయింది. ఆ యువకుడి పిరికితనంలో చెర్నిషెవ్‌స్కీ ఒక వర్గం మొత్తాన్ని చూశాడు. మాటల్లో ఉదారంగా ఉండి, నిర్ణయం తీసుకోవలసిన క్షణాన వెనక్కి తగ్గే వర్గమది. రష్యాలో అర్ధబానిసత్వం రద్దు కావడానికి ఇంకా మూడేళ్ళుంది.

అయితే ఇక్కడితో ఆగితే మన విమర్శ యాంత్రికమవుతుంది. తప్పంతా భూస్వామ్యానిదే అంటే దేవదాసు నిర్దోషిగా బయటపడతాడు. పార్వతి కూడా ఆ వ్యవస్థలోనే పుట్టింది కదా! ఆమె గడప దాటింది, అతను దాటలేదు. వ్యవస్థ మనిషికి భయాన్ని నేర్పుతుంది. ఆ భయానికి లొంగిన బాధ్యత మాత్రం మనిషిదే.

అన్ని సంకోచాలూ ఒకటి కావని కూడా గమనించాలి. ఈ ఇబ్రహీంపట్నం ప్రాంతంలోనే 1980లలో వ్యవసాయ కూలీలు సంఘం కట్టి, వెట్టికి వ్యతిరేకంగా, భూమికోసం పోరాడారు. భూస్వామి ఎదుట నోరు విప్పడానికి వాళ్ళు కూడా మొదట జంకే ఉంటారు. విప్పితే పని పోతుంది, దెబ్బలు పడతాయి. జంకితే నష్టపోయేది కూడా వాళ్ళే. దేవదాసు జంకితే ముందు బలైంది పార్వతి బతుకు. వయసు మళ్ళిన జమీందారుకు రెండో భార్యగా వెళ్ళింది ఆమె.

మన కథకులు ఈ తేడాను పట్టించుకున్నది తక్కువ. చెప్పలేకపోయినవాడి కన్నీళ్ళకు పేజీలకు పేజీలు కేటాయిస్తారు. జవాబుకోసం ఎదురుచూసినామె ఏమైందో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. పశ్చాత్తాపాన్ని రాయవద్దని కాదు, దాని మూల్యం ఎవరు చెల్లించారో కూడా రాయాలి.

దేవదాసు చివరికి పార్వతి వాకిట్లో చనిపోయాడు. పరుగెత్తుకొచ్చిన పార్వతిని ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వలేదు. ఒకనాడు అర్ధరాత్రి తనంతట తాను గడప దాటిన మనిషి ఆమె. ఇకనైనా మన కథ ఆమె దగ్గర మొదలుకావాలి.