పైపు పోద్ది గానీ లీకు పోదు

పాత లారీ ఇంజన్ మూత ఎత్తగానే ఇంజెక్టర్ల దగ్గర డీజిల్ చెమ్మ కనిపిస్తే డ్రైవర్ చెయ్యి ముందు స్పానర్ మీదికే పోతుంది. నట్టు దొరికిందా, ఇంకో పావు చుట్టు తిప్పామా, పనైపోయినట్టే. సాయంత్రానికి చెమ్మ మళ్లీ హాజరు, మళ్లీ పావు చుట్టు. మా ఇంట్లో ధాన్యం తోలే ఆరు సిలిండర్ల టాటా బండి ఉంది. 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి టాటా వాళ్లు మొదలుపెట్టిన లారీల వంశంలోదే. దాని మీద ఈ తంతు చూస్తూ పెరిగాను. బండి నా చేతికొచ్చాక ఆదివారాలు దాని పక్కనే గడుస్తున్నాయి. ఇంజెక్టర్ లీకు బలానికి లొంగదని, ఎక్కడిదక్కడ శుభ్రంగా, నిటారుగా కూర్చుంటేనే ఆగుతుందని అక్కడే తెలిసింది.

లీకు ఎక్కడుందో తేల్చుకోవడమే సగం పని. డీజిల్ పుట్టిన చోట కనపడదు, చేరిన చోట కనపడుతుంది. ఇంజన్ అదురుకు, ఫ్యాన్ గాలికి పాకి, నాలుగో ఇంజెక్టర్ దగ్గర పుట్టింది కాస్తా ఆరో దాని కింద చుక్క కడుతుంది. అందుకే ముందు కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టాలి. తర్వాత కీళ్లన్నిటి మీదా సుద్దపొడి చల్లి ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తూ ఉండాలి. తెల్లటి పొడి మొదట ఎక్కడ తడిసిందో లీకు అక్కడుంది.

చూడమన్నాను గానీ చేత్తో తడమమనలేదు. ఈ ఇంజెక్టర్లు తెరుచుకోవడానికే దాదాపు 200 బార్ల ఒత్తిడి కావాలి. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది పాతిక రెట్ల పైమాటే. వెంట్రుకవాసి పగులులోంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా తెలియదు. గంటలు గడిచేకొద్దీ చెయ్యి వాచిపోయి, వేలు తీసేయాల్సిన దాకా రావచ్చు. అట్టముక్క అడ్డంపెట్టి చూడాలి. ఒంట్లోకి పోయిందన్న అనుమానం వస్తే గుడ్డ చుట్టుకుని కూర్చోకుండా, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి వెంటనే పోవాలి.

పంపు నుంచి వచ్చే ఉక్కు పైపు చివర కోన్ ఉంటుంది, ఇంజెక్టర్ మీద దానికి సరిపోయే గుంట ఉంటుంది. ఇనుముకు ఇనుము ఆనుకుని మూసుకోవాల్సిందే, మధ్యలో వాషర్ ఉండదు. నట్టు మరలు ఆ కోన్‌ను నొక్కిపెడతాయంతే. డీజిల్‌ను ఆపే పని వాటిది కాదు గనక వాటి మీద టెఫ్లాన్ టేపు, నూలు దారం ఎంత చుట్టినా దండగే. కోన్ మీద ఇసుక రేణువున్నా, పైపు వంకరగా వచ్చి కూర్చున్నా కారుతుంది. అతిగా బిగిస్తే కోన్ నలిగి లోపలి బెజ్జం ఇరుకవుతుంది, ఆ సిలిండర్‌కు డీజిల్ సరిగా అందదు.

విజయవాడ ఆటోనగర్‌లో మా బండి చూసే మేస్త్రి ఓసారి క్లీనర్ కుర్రాడు నట్టు మీద వేలాడటం చూసి, "ఒరే, నీ బలానికి పైపు పోద్ది గానీ లీకు పోదురా" అన్నాడు. ఆయన ముందు పైపు క్లాంపులన్నీ వదులు చేస్తాడు. రెండు కొనలూ వాటంతటవే గుంటల్లో కూర్చునేదాకా చేత్తో సర్ది, నట్టును వేళ్లతోనే చివరిదాకా తిప్పుతాడు. వేళ్లకు ఎక్కని నట్టుకు స్పానర్ తగిలించడు. తర్వాత ఇంజెక్టర్ కదలకుండా ఒక స్పానర్ ఆనించి, పొట్టి స్పానర్‌తో నట్టును ఒక్క గుంజు గుంజుతాడు. చివర్లో క్లాంపులు బిగిస్తాడు. అవి లేని పైపు అదిరి అదిరి ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది.

ఇక రిటర్న్ లైను. ఇంజెక్టర్‌లో మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే సన్న గొట్టం, దాన్ని పట్టే బోలు బోల్టు, ఆ గొట్టానికి పైనొకటి కిందొకటి రాగి వాషర్లు. ఆరు ఇంజెక్టర్లకు పన్నెండు. ఇక్కడ ఒత్తిడి తక్కువే, మా బండి మీద చెమ్మ మాత్రం చాలాసార్లు ఇక్కడిదే. రాగి ఒకసారి నలిగిందంటే గట్టిపడుతుంది, మళ్లీ బిగిస్తే సందు పూడదు. కొత్తవి అందుబాటులో లేనప్పుడు మేస్త్రి పాతవాటినే తీగకు గుచ్చి గ్యాస్ మంట మీద పెడతాడు. రాగి నల్లబడి, ఆపైన మసక ఎరుపుకు తిరగ్గానే నీళ్ల డబ్బాలో వేస్తాడు. చుయ్యిమని పెచ్చు ఊడి గులాబీ రంగు బయటపడుతుంది. ఉక్కునైతే కమ్మరి ఇలా కాల్చి ముంచి గట్టిపరుస్తాడు, రాగి అదే వైద్యానికి మెత్తబడుతుంది. అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి, దాని మీద వాషర్‌ను రుద్ది చదును చేశాక బోల్టుకు ఎక్కిస్తాడు.

ఇంజెక్టర్ అడుగున కూర్చునే వాషర్‌ను మాత్రం కాల్చడు. నాజిల్ మొన సిలిండర్‌లోకి ఎంత దిగాలన్నది దాని మందం మీద ఆధారపడుతుంది గనక, కొలత చూసి కొత్తదే వేస్తాడు. అది పాడైతే మండిన పొగ తన్నుకొస్తుంది, ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి మసి పేరుకుంటుంది.

ఈ విద్యలో కొంత భాగం కొత్త బండ్లకు పనికిరాదు. పాత బండిలో ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలియాలంటే, మేస్త్రి ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో పైపు నట్టు కాస్త వదులు చేసి చెవిపెట్టి వింటాడు. ఎక్కడ శబ్దం మారలేదో జబ్బు అక్కడుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 లారీల కామన్ రైల్ లైన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. అక్కడ అలా నట్టు వదులు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ బండ్లను ఆయన ల్యాప్‌టాప్ ఉన్న షెడ్డుకు పంపేస్తాడు.

పాత బండ్ల ఓనర్లతోనే ఆయనకు పేచీ. ఒక పూటంతా కష్టపడ్డాక చూపించడానికి మిగిలేవి గుప్పెడు పాత రాగి రింగులు. "వాషర్లు మార్చినందుకే ఇంత కూలా?" అని బేరం మొదలవుతుంది. అదే పంపు దింపి, కాలిబ్రేషన్ చేయించి బిల్లు చేతిలో పెడితే మారుమాట లేకుండా ఇస్తారు. కడగడానికి, వెతకడానికి, సర్దడానికి పట్టిన పూటకు కూడా కూలి ఇవ్వాలి. విప్పిన సామాను చూసి డబ్బులిస్తే షెడ్లలో కుర్రాళ్లు విప్పడమే నేర్చుకుంటారు.